పొట్ట మీద పలకలు సరే, ముందు నడుం కొలత చూసుకుందాం

మొన్న వేసవి సెలవుల్లో ఒక సోమవారం మా ఓ.పి.కి తండ్రీకొడుకులు వచ్చారు. చీటీ కొడుకు పేరున ఉంది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న కుర్రవాడు. ఎత్తుకు తగ్గ బరువే ఉన్నాడు గానీ మొహం పీక్కుపోయి ఉంది. రెండు నెలలుగా అన్నం మానేశాడట. ఉదయం నాలుగు గుడ్ల తెల్లసొన, మధ్యాహ్నం కీరదోసకాయ ముక్కలు, రాత్రి నీళ్లలో కలుపుకొనే డబ్బా పొడి. ముందురోజు జిమ్‌లో మూడు వందలసార్లు పొట్ట వ్యాయామం చేసి ఇంటికి వస్తూనే కళ్లు తిరిగి పడిపోయాడు.

"అన్నం ముట్టడం లేదండీ. వాళ్లమ్మ ఏడుస్తోంది. మీరైనా చెప్పండి డాక్టరు గారూ" అన్నాడు తండ్రి.

"ఏం బాబూ, ఎందుకిలా?" అని అడిగితే కుర్రవాడు చొక్కా పైకెత్తి చూపించాడు. "నాలుగే కనిపిస్తున్నాయి సార్. కింద రెండూ రావడం లేదు."

పరీక్ష చేసి చూశాం. జబ్బేమీ లేదు. ఒంట్లో నీరు తగ్గింది, బి.పి. కాస్త తక్కువగా ఉంది. ఓ.ఆర్.ఎస్. తాగించి కాసేపు పడుకోబెట్టాం. ఆ కాసేపట్లో మా సిస్టర్ తండ్రి వైపు చూసింది. నలభై ఏడేళ్ల మనిషి. చేతులూ కాళ్లూ సన్నగా ఉన్నాయి, పొట్ట మాత్రం ముందుకు వచ్చింది. "మీరెప్పుడైనా షుగరు చూపించుకున్నారా?" అని అడిగింది. "నాకేమమ్మా, గుండ్రాయిలా ఉన్నాను" అని నవ్వాడాయన. టేపు పెట్టి కొలిస్తే నడుం 104 సెంటీమీటర్లు. మర్నాడు పరగడుపున చేసిన రక్తపరీక్షలో షుగరు 172, బి.పి. 150/96. మరో రోజు మళ్లీ చూసినా ఇంచుమించు అంతే.

ఆ ఇంట్లో రెండు నెలలుగా అందరూ పొట్ట గురించే మాట్లాడుకుంటున్నారు. కానీ అది చూడవలసిన పొట్ట కాదు. ఈ నెల మేము చెప్పదలచుకున్నది ఇదే. కండ కనిపిస్తోందా లేదా అన్నది అందానికి సంబంధించిన విషయం. లోపల కొవ్వు పేరుకుందా లేదా అన్నది ప్రాణానికి సంబంధించిన విషయం. మొదటిదాని కోసం పిల్లలు ఒళ్లు హూనం చేసుకుంటుంటే, రెండోదాన్ని పెద్దలు పట్టించుకోవడం లేదు.

ఈ మోజు ఎక్కడినుంచి వచ్చింది?

2007 సంక్రాంతికి వచ్చిన 'దేశముదురు' సినిమాలో అల్లు అర్జున్ పలకల పొట్టతో కనిపించారు. అదే ఏడాది హిందీలో 'ఓం శాంతి ఓం'లో షారుఖ్ ఖాన్, మరుసటి ఏడాది 'సూర్య సన్నాఫ్ కృష్ణన్'లో సూర్య. 2012లో 'పూలరంగడు'లో హాస్యనటుడు సునీల్ కూడా అలా కనిపించేసరికి ప్రతి కుర్రవాడికీ 'నాకెందుకు రాదు?' అనిపించింది. అప్పటినుంచి 'సిక్స్ ప్యాక్' అన్న మాట పల్లెటూళ్లకు కూడా చేరింది. ఇప్పుడు మండల కేంద్రాల్లోనూ జిమ్‌లున్నాయి, ప్రతి చేతిలోనూ ఫోను ఉంది, ఆ ఫోనులో 'ముప్పై రోజుల్లో సిక్స్ ప్యాక్' అని చెప్పేవాళ్లున్నారు.

నటుల శ్రమను మేము తక్కువ చేయడం లేదు. అది వారి వృత్తి. వారికి వంటమనిషి, శిక్షకుడు, నెలల తరబడి సమయం, వెలుతురు ఎటు పడాలో చూసే కెమెరామన్ ఉంటారు. ఒంటి ప్రదర్శన పోటీల్లో పాల్గొనేవారిలో చాలామంది ఆ ఒక్క రోజు కోసం ముందునుంచే ఉప్పు, నీళ్లు తగ్గించుకొని, ఒంటికి నూనె రాసుకొని వేదిక ఎక్కుతారు. ఏడాది పొడవునా అలా ఉండరు. ఫొటోలో కనిపించేది ఒక్క రోజు. మన పిల్లవాడు అది 365 రోజుల సంగతి అనుకుంటున్నాడు.

మన ప్రాంతంలో బలానికి వేరే కొలత ఉండేది. ఊరూరా తాలింఖానాలు ఉండేవి. దండీలు, బస్కీలు తీసేవారు, సాము చేసేవారు. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచేవారని నేటికీ చెప్పుకుంటారు. ఆయన పొట్ట మీద ఎన్ని పలకలున్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి గారు 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారత మహిళ ఆమె. ఆ బరువు ఎత్తడానికి కాళ్లు, వీపు, నడుం, పొట్ట అన్నీ కలిసి పనిచేయాలి. అద్దంలో కనిపించే గీతలతో దానికి పని లేదు.

పొట్ట మీద పలకలంటే ఏమిటి?

పొట్ట ముందు భాగంలో రొమ్ము ఎముక, పక్కటెముకల దగ్గర నుంచి కింద జఘనాస్థి వరకు రెండు పొడవాటి కండరాలు పక్కపక్కన ఉంటాయి. వాటి మధ్య నిలువుగా ఒక తెల్లటి నారగీత. ఆ కండరాలను అడ్డంగా కట్టివేసినట్టు సాధారణంగా మూడు నారపట్టీలు ఉంటాయి. పట్టీకీ పట్టీకీ మధ్య కండ ఉబికినప్పుడు పలకల్లా కనిపిస్తుంది. పలకలంటే ఇంతే.

ఇందులో గమనించవలసినవి రెండున్నాయి. మొదటిది, ఈ కండరాలు పుట్టుకతో అందరికీ ఉంటాయి. మీకూ ఉన్నాయి, మాకూ ఉన్నాయి. పైన కొవ్వు పొర ఉండటం వల్ల కనిపించవు. రెండోది, పట్టీలు ఎన్ని ఉండాలి, ఎక్కడ ఉండాలి అన్నది పుట్టుకతోనే నిర్ణయమైపోతుంది. కొందరికి నాలుగే, కొందరికి ఎనిమిది, కొందరికి ఎడమా కుడీ ఒక వరుసలో ఉండవు. నాలుగున్నవాడు మూడు వందలు కాదు, మూడు వేలసార్లు లేచి పడుకున్నా ఆరు కావు. మా దగ్గరకు వచ్చిన కుర్రవాడికి ఈ ఒక్క ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే రెండు నెలల ఆకలి తప్పేది.

మగవారిలో ఒంటి కొవ్వు సుమారు 10 నుంచి 12 శాతానికి దిగితే గానీ ఈ గీతలు స్పష్టంగా కనిపించవు. ఆరోగ్యంగా ఉండటానికి అంత తక్కువకు దిగవలసిన అవసరం లేదు. స్త్రీల శరీరానికి సహజంగానే కొవ్వు ఎక్కువ కావాలి. బలవంతాన మరీ తగ్గిస్తే నెలసరి ఆగిపోతుంది, ఎముకలు బలహీనపడతాయి. అందువల్ల పలకలు లేకపోవడం ఎవరికీ లోపం కాదు.

కనిపించని కొవ్వు

పొట్టలో కొవ్వు రెండు చోట్ల చేరుతుంది. చర్మం కింద చేరేది ఒకటి. వేళ్లతో పట్టుకుంటే దొరికేది అదే. లోపల కాలేయం, పేగుల చుట్టూ చేరేది రెండోది. చేతికి దొరకదు, అద్దంలో కనిపించదు. పొట్ట మాత్రం గట్టిగా ముందుకు వస్తుంది. షుగరు, బి.పి., గుండెజబ్బు, కాలేయంలో కొవ్వు వీటికి ఎక్కువగా కారణమయ్యేది ఈ రెండోదే.

మన దేశస్థుల్లో ఈ ఇబ్బంది ఎక్కువ. దీని గురించి 2004లో 'లాన్సెట్' వైద్య పత్రికలో ఇద్దరు వైద్యులు ఒక చిన్న పేజీ రాశారు. ఒకరు పూనాకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్‌కిన్. ఎత్తూ బరువూ కలిపి లెక్కకట్టే బి.ఎమ్.ఐ. ఇద్దరికీ ఒక్కటే, 22.3. ఫొటోలో ఇద్దరూ సన్నగానే ఉన్నారు. కానీ ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్‌కిన్ గారికి 9.1 శాతం, యాజ్ఞిక్ గారికి 21.2 శాతం. చూడటానికి సన్నం, లోపల కొవ్వు. మన దగ్గర ఇలాంటి శరీరం చాలామందిది. 'మా ఆయన సన్నగానే ఉంటారండీ, షుగరు ఎలా వచ్చింది?' అని అడిగే ఇల్లాళ్లకు సమాధానం ఇదే.

2023లో వెలువడిన ఐ.సి.ఎమ్.ఆర్. దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి షుగరు జబ్బు ఉంది. పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువగా ఉన్నవారు 39.5 శాతం. అంటే ఓ.పి. బెంచీ మీద పదిమంది కూర్చుంటే అందులో నలుగురు.

టేపు పట్టే పద్ధతి

దీన్ని కనిపెట్టడానికి స్కానింగు అక్కర్లేదు. దర్జీ టేపు చాలు. చివరి పక్కటెముకకూ, తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో చర్మానికి ఆనించి టేపు చుట్టండి. బిగించవద్దు. పొట్ట లోపలికి పీల్చవద్దు. మామూలుగా గాలి వదిలాక కొలత చూడండి. మన దేశంలో మగవారికి 90 సెంటీమీటర్లు, అంటే సుమారు 35 అంగుళాలన్నర, ఆడవారికి 80 సెంటీమీటర్లు, అంటే సుమారు 31 అంగుళాలన్నర. అది దాటితే జాగ్రత్త పడాలి. ఎత్తులో సగం కన్నా నడుం తక్కువ ఉండాలన్నది గుర్తుపెట్టుకోవడానికి సులువైన లెక్క.

ప్యాంటు సైజు చూసి మోసపోవద్దు. మన మగవాళ్లలో చాలామంది ప్యాంటూ లుంగీ పొట్ట కిందకు కట్టుకుంటారు. సైజు 34 అని చెబుతారు, టేపు 40 చూపిస్తుంది.

ఇక్కడ మా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. ఏళ్ల తరబడి ఓ.పి.లో బరువు చూశాం, బి.పి. చూశాం. నడుం కొలవలేదు. ఆ తండ్రి మా ఆసుపత్రికి అంతకుముందు జ్వరానికీ, పంటినొప్పికీ రెండుసార్లు వచ్చి వెళ్లాడు. టేపు పెట్టలేదు గనుక మాకూ తెలియలేదు.

పొట్ట వ్యాయామంతో పొట్ట కరగదు

చాలామంది నమ్మకం ఏమిటంటే, ఏ భాగానికి వ్యాయామం చేస్తే ఆ భాగంలో కొవ్వు కరుగుతుందని. ఇది నిజం కాదు. చెయ్యి ఆడిస్తే చేతి కొవ్వు, పొట్ట ముడిస్తే పొట్ట కొవ్వు విడిగా ఖర్చు కావు. శరీరం మొత్తం మీద కొవ్వు తగ్గుతుంది, ఎక్కడ ముందు తగ్గాలో శరీరమే చూసుకుంటుంది. పది నిమిషాలు క్రంచెస్ చేస్తే ఖర్చయ్యే శక్తి ఇంచుమించు ఒక టీస్పూను నూనెలో ఉండేంత. పైగా మెడ పట్టుకొని లాగుతూ వందలకొద్దీ చేస్తే నడుంనొప్పి, మెడనొప్పి వస్తాయి. హెర్నియా ఉన్నవారికి అది పెద్దదవుతుంది.

మరి ఏం చేయాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా సులువుగానే ఉంది. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు వేడెక్కే పని, వారానికి రెండు రోజులైనా కండలకు బలాన్నిచ్చే వ్యాయామం. మా ఫిజియోథెరపీ విభాగం వారు ఇంట్లోనే చేసుకోదగిన పద్ధతి ఇలా చెబుతున్నారు.

వారానికి ఐదు రోజులు 30 నుంచి 45 నిమిషాలు చురుకైన నడక. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదీ వేగం.

వారానికి మూడు రోజులు బస్కీలు పన్నెండు చొప్పున మూడు విడతలు. మోకాళ్లు నొప్పిగా ఉంటే కుర్చీలో కూర్చుని లేవడం. దండీలు మొదట గోడకు, తర్వాత బల్లకు, చివరికి నేల మీద. పుస్తకాలు నింపిన సంచిని ముందుకు వంగి నడుం దాకా లాగడం. చివర్లో ప్లాంక్, అంటే మోచేతులూ కాలివేళ్లూ నేలకు ఆనించి ఒంటిని బల్లలా నిటారుగా ఉంచడం. మొదట 20 సెకన్లు, మూడుసార్లు. నెల రోజుల్లో నిమిషం దాకా పెంచుకోవచ్చు. ఊపిరి బిగపట్టవద్దు. బి.పి. ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం.

ప్లాంక్ చేసినంత మాత్రాన పలకలు కనిపించవు. కానీ పొట్ట కండరాలకు బలం వస్తుంది. ఆ బలం నడుంకు దన్ను. పొలంలో బస్తా ఎత్తేవారికీ, ఇంట్లో నీళ్ల బిందె మోసేవారికీ కావలసింది అదే.

నలభై దాటినవారు, గుండెజబ్బు ఉన్నవారు, ఈ మధ్య ఆపరేషన్ అయినవారు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. షుగరుకు ఇన్సులిన్ గానీ, షుగరును బాగా దింపే మాత్రలు గానీ వాడేవారు వ్యాయామానికి వెళ్లేటప్పుడు జేబులో కాస్త చక్కెర ఉంచుకోవాలి.

అన్నం మానవద్దు, కంచం మార్చండి

'అన్నం మానేశాను' అనేది మేము తరచుగా వినే మాట. పది రోజులు మానేస్తారు, పదకొండో రోజు బిర్యానీ ముందు కూర్చుంటారు. మన తిండిలో అసలు ఇబ్బంది అన్నం ఉండటం కాదు, అన్నమే కంచం నిండా ఉండటం. పప్పు చారెడు, కూర చెంచాడు, అన్నం గుట్ట.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనల ప్రకారం రోజు మొత్తానికి కావలసిన శక్తిలో బియ్యం, గోధుమ వంటి ధాన్యాల వాటా 45 శాతం మించకూడదు. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలి. ఉప్పు రోజుకు 5 గ్రాములకు మించకూడదు. ఆవకాయ, వడియాలు, అప్పడాలు తినే ఇంట్లో 5 గ్రాములు ఎప్పుడో దాటిపోతుంది.

మాంసకృత్తుల సంగతి చూద్దాం. మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాములు కావాలి. అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. బరువులు ఎత్తి కండ పెంచుకునేవారికి కిలోకు 1.2 గ్రాముల పైన ఉంటే మంచిది. అంటే 72 గ్రాములు. ఇందుకు డబ్బా పొడి కావాలా? లెక్క వేసి చూడండి.

ఉదయం 60 గ్రాముల పెసలతో వేసిన పెసరట్లలో సుమారు 14 గ్రాములు. మధ్యాహ్నం 40 గ్రాముల కందిపప్పుతో చేసిన పప్పులో 9, 150 గ్రాముల బియ్యపు అన్నంలో 11 లేక 12, గిన్నెడు పెరుగులో 5. సాయంత్రం 40 గ్రాముల వేయించిన శనగల్లో 8 లేక 9. రాత్రి 100 గ్రాముల పిండితో చేసిన జొన్నరొట్టెల్లో 10, రెండు గుడ్లలో 12, గ్లాసు పాలలో 6. మొత్తం 75 గ్రాముల పైమాటే. గుడ్డు తిననివారు ఆ చోట మరో కప్పు పప్పు, గుప్పెడు వేరుశనగలు వేసుకోవచ్చు. చేపలు దొరికే ఊళ్లవారికి చింతే లేదు. గుడ్డులో పచ్చసొన పారేయవద్దు. పోషకాలు చాలావరకు అందులోనే ఉన్నాయి.

నూనె విషయంలో ఒక లెక్క. మనిషికి రోజుకు 25 గ్రాములు అనుకుంటే నలుగురున్న ఇంటికి నెలకు 3 కిలోలు. మీ ఇంట్లో నెలకు ఎన్ని ప్యాకెట్లు కోస్తున్నారో ఈ నెల లెక్కపెట్టండి. టీలో చక్కెర, సాయంత్రం బజ్జీలు, పెళ్లిభోజనాల్లో రెండో స్వీటు, కూల్‌డ్రింకులు వీటిని తగ్గిస్తే అన్నం మానే అవసరం రాదు. మద్యం నుంచి వచ్చే శక్తి కూడా పొట్టకే చేరుతుంది.

తొందరపడవద్దు. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. రోజుకు 500 తగ్గించుకుంటే వారానికి అర కిలో తగ్గవచ్చు. నెలకు రెండు కిలోలు తగ్గడం మంచి వేగం. పది రోజుల్లో ఐదు కిలోలు తగ్గించేస్తామని ఎవరైనా అంటే, తగ్గేది ఎక్కువగా నీరు, కండ.

పొడులు, మాత్రలు, ఇంజక్షన్లు

ప్రొటీన్ పొడి విషం కాదు. పాలనుంచి తీసిన పదార్థమే. కానీ మామూలుగా తినే మనిషికి అవసరం లేదు. జాతీయ పోషకాహార సంస్థ కూడా కండ పెంచుకోవడానికి ఈ పొడులు వాడవద్దనే చెప్పింది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఎక్కువ మాంసకృత్తులు హాని చేస్తాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంతమంది ఇళ్లను చీకటి చేసిందో మనకు తెలుసు. అటువైపు ఊళ్ల కుర్రవాళ్లు పొడి డబ్బా కొనే ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలని మా మాట.

అసలు భయం పొడితో కాదు, దాని తర్వాతి మెట్టుతో. 'పొడితో రావడం లేదు, ఒక కోర్సు వేసుకో' అని చెప్పేవారు కొందరున్నారు. కోర్సు అంటే స్టెరాయిడ్లు, అంటే మగ హార్మోను. బయటనుంచి హార్మోను వేస్తే, 'చాలినంత ఉంది' అనుకొని మెదడు వృషణాలకు పని చెప్పడం మానేస్తుంది. అవి కుంచించుకుపోతాయి, వీర్యకణాలు తగ్గిపోతాయి, ఛాతీ ఆడవారిలా పెరుగుతుంది. బి.పి. పెరుగుతుంది, మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, గుండె కండరం మందమవుతుంది, కాలేయం దెబ్బతింటుంది. కోపం పెరుగుతుంది, ఆపేశాక దిగులు పట్టుకుంటుంది. పెళ్లయి పిల్లలు కలగడం లేదని వచ్చిన భర్తలను మేము ఇప్పుడు 'జిమ్‌లో ఇంజక్షన్లు వేసుకున్నారా?' అని కూడా అడుగుతున్నాం.

కొవ్వు కరగడానికి థైరాయిడ్ మాత్రలు, గీతలు తేలడానికి మూత్రం పోయే మాత్రలు వాడేవారూ ఉన్నారు. ఇవి గుండె కొట్టుకునే తీరును చెడగొడతాయి. ఇక బరువు తగ్గించే వారపు ఇంజక్షన్లు 2025లో మన దేశంలోనూ అమ్మకానికి వచ్చాయి. ఊబకాయం, షుగరు ఉన్నవారికి డాక్టరు పర్యవేక్షణలో అవి నిజంగా మేలు చేస్తాయి. సరైన బరువున్న కుర్రవాడు పలకల కోసం వేసుకోవడానికి కాదు. వాటితో కొవ్వుతోపాటు కండ కూడా కొంత పోతుంది.

ఒక ప్రమాద సూచన అందరూ గుర్తుంచుకోవాలి. అలవాటు లేని వ్యాయామం ఒక్కసారిగా అతిగా చేశాక కండలు విపరీతంగా నొప్పెట్టి, వాచి, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే వెంటనే ఆసుపత్రికి రండి. కండ చితికి, అందులోని పదార్థం మూత్రపిండాలను మూసేస్తోందన్నమాట. ఆలస్యం చేయకూడదు. ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా అంతే.

తల్లులకు ఒక మాట

కాన్పు తర్వాత పొట్ట వదులుగా ఉందని బాధపడుతూ వచ్చే ఆడపిల్లలు మా దగ్గర చాలామంది. నెలల బిడ్డను పక్కన పెట్టుకొని ఫోనులో చూస్తూ క్రంచెస్ చేస్తున్నామంటారు. దయచేసి ఆగండి. కడుపుతో ఉన్నప్పుడు మనం చెప్పుకున్న రెండు కండరాలు పక్కలకు జరుగుతాయి, నడిమి గీత వెడల్పవుతుంది. చాలామందికి నెలల్లో అదే దగ్గరకు వస్తుంది. వెల్లకిలా పడుకొని తల కాస్త ఎత్తినప్పుడు పొట్ట మధ్యలో గట్టులా ఉబికితే ఇంకా దగ్గరకు రాలేదని అర్థం. అప్పుడు క్రంచెస్ చేస్తే ఆ ఉబుకు ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. ముందు ఫిజియోథెరపీ వారికి చూపించండి. నడికట్టు నడుంకు ఆసరాగా ఉంటుంది గానీ కొవ్వు కరిగించదు. సిజేరియన్ అయినవారు డాక్టరు చెప్పేవరకు నడక చాలు. పాలిచ్చే తల్లి కడుపు మాడ్చుకోకూడదు. 'పొట్ట తగ్గలేదా?' అని పలకరించే చుట్టాలకు కూడా మా విన్నపం, ఆ ప్రశ్న మానేయండి.

మా అభిప్రాయం

కుర్రవాడికి ఒంటి మీద శ్రద్ధ కలగడం మంచిదే. సిగరెట్టు దుకాణం దగ్గర నిలబడటం కన్నా జిమ్‌కు వెళ్లడం వెయ్యి రెట్లు మేలు. ఆ ఉత్సాహాన్ని ఎగతాళి చేయకండి. కానీ లక్ష్యం మార్చండి. ఎన్ని పలకలు అని కాకుండా, ఎన్ని దండీలు తీయగలవు, ఆగకుండా ఎంత దూరం నడవగలవు, ఏడు గంటలు నిద్రపోతున్నావా అని అడగండి. ఇవి ఎవరైనా పెంచుకోగలిగినవి. పలకల లెక్క పుట్టుకతో వచ్చింది.

జిమ్ నడిపేవారు చేరిన రోజునే బి.పి. చూసి, ఏవైనా జబ్బులున్నాయా అని అడిగి రాసుకోవాలి. ఇంజక్షన్ మాట ఎత్తే శిక్షకుణ్ణి పనిలో ఉంచకూడదు. కాలేజీల్లో ఆటస్థలానికి తాళం వేసి పిల్లలను రోజంతా తరగతి గదుల్లో కూర్చోబెట్టే యాజమాన్యాలు కూడా ఆలోచించాలి. ఇంటర్ రెండేళ్లు కదలకుండా కూర్చున్న పిల్లవాడు తర్వాత ఒక్కసారిగా జిమ్‌కు పరిగెత్తడం వింతేమీ కాదు.

తల్లిదండ్రులు, ముఖ్యంగా తండ్రులు, పిల్లల పొట్ట సంగతి మాట్లాడే ముందు తమ నడుం కొలుచుకోవాలి. మా వంతుగా ఓ.పి.లో బరువు చూసే యంత్రం పక్కన టేపు పెట్టాం. ముప్పై దాటిన ప్రతివారి చీటీ మీదా ఇకనుంచి నడుం కొలత రాస్తాం. సిస్టర్ మరచిపోతే మీరే అడగండి.

దసరా ముందు ఆ తండ్రీకొడుకులు మళ్లీ వచ్చారు. ఈసారి చీటీ తండ్రి పేరున ఉంది. మాత్రలు వేసుకుంటున్నాడు, రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె తింటున్నాడు. రోజూ తెల్లవారుజామున కొడుకు లేపి హైస్కూలు గ్రౌండుకు తీసుకుపోతున్నాడట. ఐదు రౌండ్లు. నడుం 98 సెంటీమీటర్లకు వచ్చింది. పరగడుపు షుగరు 118. ఇంకా తగ్గాలి, తగ్గుతుంది.

కొడుకు అన్నం తింటున్నాడు, మొహంలో కళ వచ్చింది. కింద రెండు పలకలూ ఇంకా రాలేదు. వాటి సంగతి ఈసారి అతను అడగలేదు. వెళ్లేముందు అడిగింది ఒక్కటే. "నాన్నకు 90 రావడానికి ఎన్నాళ్లు పడుతుంది సార్?"